సూది మొనకు దారి చూపే యంత్రం

ఫిజికల్ మెడిసిన్ విభాగంలో కొత్తగా చేరిన చిరంజీవికి, సూది మొనకు దారి చూపే యంత్రం ఎంపిక గురించి వ్రాయునది.

పక్షవాతం, తలకు తగిలిన దెబ్బ, సెరిబ్రల్ పాల్సీ వంటి కారణాలతో మెదడు అదుపు తప్పిన కండరం, ఎంత వేగంగా కదిలిస్తే అంత గట్టిగా బిగుసుకొనే స్థితిని స్పాస్టిసిటీ అంటారు. దానిని సడలించే బొటులినం టాక్సిన్, నరం కండరాన్ని చేరే చోట అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కాకుండా ఆపుతుంది. దాని ప్రభావం సుమారు 3 నెలలు నిలుస్తుంది. మందు ఖరీదైనది, మోతాదుకు హద్దు ఉన్నది, పక్క కండరంలో పడితే రోగికి మిగిలి ఉన్న కాస్త పట్టు కూడా పోవచ్చు. అలా పడిన మందును వెనక్కి తీసే ఉపాయం లేదు గనుక, సూది మొన ఎక్కడ ఉన్నదో ముందే తెలియాలి.

అది తెలుసుకొనే ఒక దారి, కండరం సంకోచించేటప్పుడు పుట్టే స్వల్ప విద్యుత్తును పసిగట్టే ఎలక్ట్రోమయోగ్రఫీ, క్లుప్తంగా ఈఎంజి. ఇందులో వాడే బోలు సూదికి మొన తప్ప ఒళ్లంతా టెఫ్లాన్ వంటి పూత ఉంటుంది; ఆ మొనే సంకేతాన్ని అందుకొంటుంది, ఆ మొన నుంచే మందు వెళుతుంది. చురుకైన తంతువులు దూరంగా ఉంటే మందకొడి చప్పుడు, దగ్గరపడితే పదునైన చిటపటలు వినిపిస్తాయి. వైద్యుని చూపు రోగి చేతి మీద ఉండాలి గనుక, ఈ చప్పుళ్లను వినిపించే చిన్న ఈఎంజి యంత్రంలో తెరకన్నా స్పీకరు నాణ్యత ముఖ్యం.

అయితే శబ్దం ఒక్కటే నమ్మదగినది కాదు. ముంజేతిలో వేళ్లను ముడిచే కండరాలు పొరలు పొరలుగా ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. స్పాస్టిసిటీ ఉన్న రోగి ఒక వేలిని విడిగా కదపలేడు, కదపబోతే అన్నీ కలిసి బిగుస్తాయి. అప్పుడు వినిపించే చిటపట, సూది ఏదో ఒక చురుకైన కండరంలో ఉన్నదని చెప్పగలదే తప్ప అది ఏ కండరమో చెప్పలేదు. అందుకు స్టిమ్యులేటర్ కావాలి. అదే సూదిని ఋణధ్రువంగా చేసి కొద్దిపాటి విద్యుత్తు పంపితే ఏ వేలు కదిలిందో కంటికే తెలుస్తుంది. సుమారు 1 మిల్లీయాంపు లేదా అంతకన్నా తక్కువతోనే కదలిక వస్తే మొన సరైన చోటికి దగ్గరగా ఉన్నట్లు లెక్క. కాబట్టి విద్యుత్తును 0.1 మిల్లీయాంపు చొప్పున తగ్గించగల యంత్రాన్నే చిరంజీవి కోరుకోవాలి. వినిపించడం మాత్రమే చేసే యంత్రం ఎంత చౌకైనా కొనదగినది కాదు. టాక్సిన్ కొనలేని రోగులకు ఉపకరించే చౌకైన ఫినాల్ నరాల బ్లాకు (ఫినాల్ మందుతో నరాన్ని అడ్డగించే చికిత్స) కూడా స్టిమ్యులేటర్ తోడు లేకుండా సరిగా కుదరదు. ప్రభుత్వాసుపత్రిలో స్టిమ్యులేటర్ ఉన్న యంత్రాన్ని కోరడానికి ఈ ఒక్క కారణమే చాలు.

బ్యాటరీతో నడిచేదైతే కరెంటు సరఫరా నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద తగ్గుతుంది, రోగికీ క్షేమం. ఫ్యాన్లు తిరుగుతూ, ట్యూబులైట్లు వెలుగుతున్న అసలు ఓపీ గదిలోనే యంత్రాన్ని పరీక్షించి చూడాలి. సూదులు ఒక్కసారి వాడి పారేసేవి గనుక ఏళ్ల తరబడి సాగే ఖర్చు వాటిదే. ఒక్క కంపెనీ సూదికే అమరే యంత్రం తరువాత భారమవుతుంది. వైర్లు తరచూ తెగుతాయి, విడి వైర్లు ముందే అడగాలి. 2017 నాటి వైద్య పరికరాల నియమాల కింద అనుమతి ఉన్నదో లేదో కూడా చూడాలి.

ఈఎంజి రక్తనాళాన్ని చూపదు, లోతు చెప్పదు. ఆ పని అల్ట్రాసౌండుది. మత్తిచ్చిన పసిబిడ్డలో కండరం మౌనంగా ఉంటుంది గనుక అక్కడ స్టిమ్యులేటర్ గానీ అల్ట్రాసౌండు గానీ ఆధారం కావాలి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారికి విద్యుత్తు వాడే ముందు కార్డియాలజిస్టును సంప్రదించాలి.

రోగనిర్ధారణకు వాడే పెద్ద యంత్రపు హంగులు ఈ పనికి అక్కరలేదు. ఒక్క చానల్, స్పష్టమైన స్పీకరు, సన్నగా తగ్గించగల స్టిమ్యులేటర్ ఉంటే చాలు. టెండరు పత్రంలో యంత్రం ధర పక్కనే సూది ధరను కూడా రాయించవలసిందిగా చిరంజీవికి నా సూచన.