అద్దంలో ఆకాశం కనిపిస్తే

బ్రిటన్ వచ్చిన రెండో ఏడు మన కుర్రాళ్ళకు ఒక జబ్బు పట్టుకుంటుంది. నలుగురు కలిసి పాత క్యాంపర్ వ్యాన్ కొంటారు. హోటల్ ఖర్చు మిగులుతుంది, కుక్కర్ వెంట తీసుకుపోవచ్చు, స్కాట్లాండ్ దాకా చూసి రావచ్చని లెక్క. నేనూ ఆ జబ్బు పడ్డవాణ్ణే. ఇంజిను, టైర్లు, గ్యాస్ పొయ్యి అన్నీ చూసే కొన్నాం. పక్క అద్దాలను మాత్రం ఒక్కడూ ముట్టుకుని చూడలేదు. వేల్స్‌కు పోయే ఎం4 మోటర్‌వే మీద ఒక లారీ దాటిపోయిన గాలికి డ్రైవరు వైపు అద్దం వెల్లకిలా పడింది. వెనక బండి కనపడాల్సిన చోట మబ్బులు కనపడుతున్నాయి.

మాది హైదరాబాద్ పాతబస్తీలోని ఫలక్‌నుమా. మా మామ ఇంజన్‌బౌలి దగ్గర ఆటోలు బాగుచేస్తాడు. దారి పక్క సర్వీసెస్‌లో బండి ఆపి ఆయనకు వీడియో కాల్ చేసి చూపించాను. "ఏంరా అల్లుడా, గది అద్దం గాదు, ఫలక్‌నుమా!" అని ఒకటే నవ్వు. ఉర్దూలో ఫలక్ అంటే ఆకాశం, నుమా అంటే చూపేది. 1884లో నవాబు వికారుల్ ఉమ్రా మా గుట్ట మీద మహలు మొదలుపెట్టి ఆ పేరు పెట్టుకున్నాడు. అద్దానికి ఆ పేరు పనికిరాదు.

నిజానికి పాతబస్తీలో పక్క అద్దం ఉన్నా లేనట్టే. అలియాబాద్, షా అలీ బండ మీదుగా చార్మినార్ పోయే ఆటోవాళ్ళు గీసుకుపోతుందని దాన్ని లోపలికి మడిచే నడుపుతారు. వెనక ఎవడున్నాడో వాడి హారనే చెబుతుంది. బ్రిటన్‌లో హారన్ కొట్టేవాడే ఉండడు, కాబట్టి కళ్ళతోనే చూసుకోవాలి. మన లైసెన్సు మీద ఇక్కడ స్థిరపడ్డాక 12 నెలలే నడపొచ్చు. ఆ తర్వాత ఇక్కడి టెస్టు పాసవ్వాలి. దిశ మార్చేటప్పుడు అద్దాలు సరిగా చూడకపోవడం ఆ టెస్టులో ఫెయిలయ్యే పెద్ద కారణాల్లో ఒకటి. ఇరవై ఏళ్ళు నడిపిన మనవాళ్ళూ అక్కడే దొరికిపోతారు. క్యాంపర్‌లో అయితే వెనకంతా బీరువాలు, కర్టెన్లు. లోపలి అద్దంలో మీ దుప్పట్లు తప్ప ఏమీ కనపడవు. ఉన్న దిక్కల్లా ఆ రెండు పక్క అద్దాలే.

కొనేముందు ఒక పని చెయ్యండి. బండి నంబరు కొడితే దాని పాత ఎం.ఓ.టి. (ఫిట్‌నెస్) పరీక్షల చరిత్ర ప్రభుత్వ సైటులో ఉచితంగా వస్తుంది. మూడేళ్ళు దాటిన బండికి ఏటా ఆ పరీక్ష ఉంటుంది. అద్దం కొంచెం లూజుగా ఉంటే చిన్న లోపమని రాసి వదిలేస్తారు. ఊడిపడేలా ఉంటే ఫెయిల్.

ఇక రిపేరు. మామ చెప్పిన మొదటి మాట: "పానా కింద పెట్టు. ముందుగాల చేత్తోని పట్టి ఊపు. అద్దం ఊగుతుందా, బుర్ర ఊగుతుందా, మొదలే ఊగుతుందా?" బుర్రంటే అద్దం ఉండే డొప్ప, మొదలంటే అది తలుపుకు అతుక్కునే చోటు. ఏది ఊగుతుందో తేల్చకుండా బిగించడం మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ.

గాజు పలక ఒక్కటే గలగలమంటే వెనక క్లిప్పులు విరిగినట్టు. కొత్త పలక కొనడమే మేలు. మొదలు ఊగితే తలుపు లోపలి వైపు మూలన ఉండే మూడు మూలల ప్లాస్టిక్ మూత తియ్యాలి. స్క్రూడ్రైవరుతో పొడవకండి, పాత బ్యాంకు కార్డు దూర్చి మెల్లగా లేపండి. చలికాలమైతే ముందు హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెట్టండి, చల్లటి ప్లాస్టిక్ పుటుక్కున విరుగుతుంది. కింది సందులో గుడ్డ కుక్కాకే నట్టు మీద చెయ్యి వెయ్యండి. మొదలు ఊగకపోయినా తొందరపడి విప్పిన నేను కుక్కలేదు. నట్టు తలుపులో పడింది, మలుపు తిరిగినప్పుడల్లా లోపల దొర్లుతూ వారం రోజులు నన్ను వెక్కిరించింది. బిగించేటప్పుడు స్ప్రింగ్ వాషర్ వేసి, మరల మీద నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క పెట్టండి. ఎరుపుది వద్దు, మళ్ళీ విప్పాలంటే చుక్కలు కనిపిస్తాయి.

మాది బుర్ర జబ్బు. గోళీ మీద గిన్నె బోర్లించినట్టుంటుంది ఆ జాయింటు. గోళీ అరిగింది, గిన్నె పట్టు వదిలింది. నేను గ్రీజు డబ్బా తీయగానే మామ కెవ్వున అరిచాడు. "జారకుండ చెయ్యమంటే జారుడుబండ చేస్తున్నవ్!" గ్రీజూ మట్టీ పొడిగుడ్డతో శుభ్రంగా తుడిపించాడు. పాత సైకిల్ ట్యూబు వేలెడు వెడల్పున కత్తిరించి గోళీకి చుట్టి, పైన గిన్నె పెట్టి, క్లాంపు స్క్రూ బిగించమన్నాడు. తిప్పితే తిరగాలి, గాలికి మాత్రం కదలకూడదు. గిన్నెకే పగులుంటే ఈ తిప్పలు పడకండి, స్క్రాప్ యార్డులో అదే మోడల్ అద్దం వెతకండి.

బిగించాక మీ సీట్లో మీరు కూర్చునే సరిచేసుకోండి. లోపలి అంచున మన బండి పక్క భాగం సన్నగా, నేలా ఆకాశం కలిసేచోటు అద్దం మధ్యకు రావాలి. కార్న్‌వాల్ పల్లె దారుల్లో ఎదురు బండి వస్తే మాత్రం అలియాబాద్ విద్యే అక్కరకొస్తుంది. అక్కడ ఇంగ్లీషువాళ్ళూ అద్దం మడిచే దారిస్తారు.

పని ముగిసిందని ఫోన్ పెట్టబోతుంటే మామ ఆపాడు. "గా పక్కది గూడ ఊపి చూడరాదు. రెండూ ఒక్కనాడు పుట్టినయే గదరా."

ఊపాను. అదీ ఊగింది.