మద్యం మానే సంకల్పం - వైద్యుని తోడు

కచోపాఖ్యానం చదువరులకు సుపరిచితమే. రాక్షసులు కచుని దహించి, ఆ భస్మాన్ని సురలో కలిపి ఇవ్వగా మృతసంజీవని నెరిగిన శుక్రాచార్యుడే తెలియక త్రాగాడు. పిదప సురాపానాన్ని నిషేధించాడు. ఈ కథను పాఠశాలలో ఎన్నో ఏండ్లు చెప్పాను. సంకల్పం గట్టిదైతే మద్యం ఆనాడే వదులుతుందని కూడా చెప్పేవాడిని. ఆ రెండవ మాట వల్ల ఒక నిండు ప్రాణం పోబోయింది.

కొన్నేళ్ల క్రిందట కార్తిక మాసారంభంలో ఒక తాపీమేస్త్రీ భార్యతో కలిసి ఆలయానికి వచ్చాడు. పదిహేనేళ్లుగా తెల్లవారితే త్రాగుడే. "ఇక ముట్టను" అని కర్పూరహారతి ఎదుట ప్రమాణం చేయించి, దంపతులను సత్రంలో ఉంచాను. మరునాడు చేతులు వణికి, ఒళ్లంతా చెమటలు పడితే "ఇది తపస్సు నాయనా, ఓర్చుకో" అన్నాను. ఆ రాత్రి మూర్ఛ వచ్చింది. గాలి సోకిందని ఇల్లాలు ఏడ్చింది. నేను విభూతి పెట్టాను. మూడవనాటి రాత్రి లేని పురుగులను ఒంటిమీద నుండి దులుపుకుంటూ, భార్యనే గుర్తుపట్టలేకపోయాడు. సత్రం కాపలాదారు 108కి ఫోను చేయబట్టి బ్రతికాడు.

"స్వామీ, మానమని మీరు చెప్పండి. ఎలా మానాలో మమ్మల్ని చెప్పనివ్వండి" అన్నాడు ఆసుపత్రిలోని వైద్యుడు. నా మనుమని ఈడువాడు.

అతడు వివరించిన సంగతి ఇది. ఏళ్ల తరబడి నిత్యం అధికంగా త్రాగేవారి మెదడు మద్యానికి అలవడి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే కొన్ని గంటలలోనే వణుకు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి 2 రోజులలో మూర్ఛలు, ఆపై మతిభ్రమ కలుగవచ్చు. అది ప్రాణాంతకం. వైద్యులు శాంతపరచే మందునిచ్చి, దానిని రోజురోజుకూ తగ్గిస్తారు. బి1 విటమిన్ ఇస్తారు. ఆ తరువాతనే త్రాగాలనే కోరికను తగ్గించే మందులు, కౌన్సెలింగ్. నిద్రమాత్రలకు బానిసలైనవారూ వాటిని ఒక్కసారిగా ఆపరాదు.

ఇంటికి వచ్చి చరకసంహిత తెరిచాను. చికిత్సాస్థానంలో 24వ అధ్యాయం మదాత్యయ చికిత్స. అహితమైన అలవాటును పాదం పాదంగా విడువవలెనని సూత్రస్థానంలోనే ఉన్నది. యౌవనంలో ఆ గ్రంథాన్ని సమాసాల కోసం చదివానే గాని రోగి కోసం చదువలేదు. అయితే ఇది చూపి ఇంట్లోనే కొలిచి మద్యం పోయవద్దు; ఆ క్రమం వైద్యుని చేతిలో ఉండవలసినది.

హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్టణంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. వ్యసనవిముక్తి సలహాకు 14446, మానసిక సహాయానికి 14416 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చు. మొక్కు కోసం మనిషిని వెంటబెట్టుకొని వచ్చే బంధువులు ముందుగా అక్కడ అడిగి రావాలని నా ప్రార్థన. మొక్కు ఎక్కడికీ పోదు.

ఆ మేస్త్రీ మరుసటి ఏడు మళ్లీ త్రాగాడు. ముఖం చాటేసుకుని ధ్వజస్తంభం దగ్గర నిలబడ్డాడు. ఈసారి ప్రమాణం చేయించలేదు. "కడపట ఎప్పుడు త్రాగావు నాయనా?" అని అడిగి, ప్రసాదం చేతిలో పెట్టి, భార్యాభర్తలను ఆసుపత్రికి వెళ్లే బస్సు నేనే ఎక్కించాను.