ముహూర్తం వేరు, పెళ్లిపని వేరు

చిరంజీవి బుజ్జికి,

మొన్న వీడియో కాల్‌లో నీ గూగుల్ క్యాలెండర్ చూపించావు. పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా రంగురంగుల గడులే. "రికార్డు రాయాలి", "బస్ పాస్", "ప్రాజెక్టు రిపోర్టు". రోజులు దాటిపోయాయి, పనులు అలాగే ఉండిపోయాయి. నీ గొంతులోని బెంగ విన్నాకే పెదనాన్న ఈ ఉత్తరం మొదలుపెట్టాడు.

మనింట్లో పెళ్లి కుదిరితే ఏం చేస్తారు? ముహూర్తం పంచాంగం చూసి పెడతారు. అది ఎవరికోసమూ ఆగదు. శుభలేఖలు పంచడం, వంటవాళ్లకు అడ్వాన్సు ఇవ్వడం లాంటివి వేరే కాగితం మీద రాసుకుంటారు. ఇవాళ కాకపోతే రేపు చేస్తారు గానీ, అయ్యేదాకా కొట్టెయ్యరు.

కంప్యూటర్ల వాళ్లూ ఈ తేడా పాటించారు. ఒక క్యాలెండర్‌లోని వివరాలు ఇంకోదానికి అర్థమయ్యేలా 1998లో ఐక్యాలెండర్ అనే ప్రమాణం వచ్చింది, 2009లో దాన్ని సవరించారు. అందులో కార్యక్రమానికి వీఈవెంట్, పనికి వీటుడూ అని రెండు వేర్వేరు అచ్చులున్నాయి. వీటుడూకి "పూర్తయింది" అనే గుర్తు ఉంది. వీఈవెంట్‌కి ఖాయమా, ఇంకా తేలలేదా, రద్దా అన్నవే తప్ప ఆ గుర్తు లేదు. అందుకే నీ బస్ పాస్ గడి నిన్ను ఏమీ అడక్కుండా వెనక్కి జరిగిపోయింది.

పరీక్ష, వైవా, రైలు, డాక్టర్ అపాయింట్‌మెంట్ క్యాలెండర్‌లో ఉండనీ. మిగతావి గూగుల్ టాస్క్స్‌లోనో, టుడూయిస్ట్ యాప్‌లోనో జాబితాగా రాసుకో. ఏదో ఒక్కటే, రెండూ వద్దు.

అయితే పెద్ద పనికి జాబితా ఒక్కటే చాలదు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు కెనడాలో థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లు పడుతుందంటే 49 అన్నారు. చివరికి పట్టింది 55 రోజులు పైనే! వాళ్లు బద్ధకస్తులేం కాదు. పని ఎంత సమయం మింగుతుందో ముందుగా ఊహించడం అందరికీ కష్టమే. ప్రాజెక్టు రిపోర్టు ఒక్క సాయంత్రంలో అయిపోతుందని నువ్వు అనుకున్నదీ ఇలాంటిదే.

అందుకని ఆ రిపోర్టును ముక్కలు చెయ్యి. "మూడో అధ్యాయం, మొదటి చిత్తు" అని జాబితాలో రాసి, దానికోసం క్యాలెండర్‌లో శనివారం తొమ్మిది నుంచి పదకొండు దాకా ఖాళీ పట్టుకో. గంట చాలనిపిస్తే రెండు గంటలు పెట్టు. పదకొండయ్యాక గడి వెళ్లిపోయినా, టిక్కు పడని పని జాబితాలో ఉంటుంది. దానికి ఇంకో గడి వెతకాలి. బస్ పాస్ లాంటి చిన్న పనులకు ఈ హంగామా అక్కర్లేదు, తేదీ వేస్తే చాలు. టాస్క్స్‌లో తేదీ వేసిన పని క్యాలెండర్‌లో ఆ రోజు పైన దానంతటదే కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. గడువు తేదీ అన్న చోట కాలేజీ పెట్టిన తేదీనే వెయ్యి. నీకు నువ్వే ఉత్తుత్తి గడువులు పెట్టుకుంటే పది ఎర్ర అక్షరాల మధ్య అసలు గడువు కనబడదు. ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాలు కూర్చుని జాబితా, క్యాలెండర్ రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఏ పని ఏ గడిలోకి వెళ్తుందో అప్పుడే తేల్చుకో.

శనివారం పదకొండింటికి పెదనాన్న ఫోన్ చేస్తాడు. మూడో అధ్యాయం ఎంతవరకు వచ్చిందో చెప్పు.

మీ పెదనాన్న