లూసియానా జైలుగదిలో ఒక పాఠం



ఈ వార్షికోత్సవ సంచికలో మీకు ఒక నవలను పరిచయం చేయాలనుకున్నాం. దాని పేరు 'ఎ లెసన్ బిఫోర్ డైయింగ్'. అంటే 'చావుకు ముందు ఒక పాఠం'. 1993లో వెలువడింది. రచయిత అమెరికాలోని లూసియానా రాష్ట్రానికి చెందిన నల్లజాతి రచయిత ఎర్నెస్ట్ జె. గెయిన్స్. కోర్టు, జైలు, బడి – ఈ మూడింటి మధ్య నడిచే కథ ఇది.

రచయిత జీవితం

గెయిన్స్ 1933లో ఒక తోటలోని కూలీల కుటుంబంలో పుట్టారు. ఆయన్ను పెంచిన అగస్టీన్ జెఫర్సన్ నడవలేని మనిషి. నేలమీద పాకుతూనే వంట చేసి, బట్టలుతికి పిల్లల్ని సాకింది. తోటలోని చర్చే వాళ్లకు బడి. అదీ ఏడాదికి ఐదారు నెలలే. మిగతా రోజులు పొలం పని. ఆ ప్రాంతంలో నల్లజాతి పిల్లలకు హైస్కూలు లేదు. అందుకే 1948లో, పదిహేనేళ్ల వయసులో, కాలిఫోర్నియాలో ఉన్న తల్లి దగ్గరకు వెళ్లారు. చదువు కోసం ఇల్లు వదలడం అంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. అక్కడే ఆయన మొదటిసారి పబ్లిక్ లైబ్రరీలో అడుగుపెట్టారు. ఎన్ని పుస్తకాలు తిరగేసినా తనవాళ్ల కథ కనిపించలేదు. ఆ కథలు తానే రాయడం మొదలుపెట్టారు. 2019లో మరణించేవరకు ఆయన రచనలన్నిటికీ మూలం ఆ తోటే.

కేజన్లు ఎవరు?

నవల అర్థం కావాలంటే ఆ ప్రాంతం గురించి కొంత తెలియాలి. దక్షిణ లూసియానాలో కేజన్లు అనే తెల్లజాతి ప్రజలున్నారు. వీరి పూర్వీకులు కెనడాలోని అకేడియా ప్రాంతంలో స్థిరపడిన ఫ్రెంచి రైతులు. 'అకేడియన్' అన్న మాటే నోళ్లలో నలిగి 'కేజన్' అయింది. బ్రిటిష్ రాజుకు షరతులు లేని విధేయతా ప్రమాణం చేయలేదని 1755 నుంచి వీరిని ఓడల్లోకెక్కించి వెళ్లగొట్టారు. అలా పదివేలమందికి పైగా చెల్లాచెదురయ్యారు. వారిలో కొందరు లూసియానా చేరుకుని చిత్తడి నేలల్లో వ్యవసాయం, చేపల వేటతో బతికారు. 1921 రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషునే బోధనా భాష చేసింది. ఫ్రెంచి మాట్లాడిన కేజన్ పిల్లలు బడిలో దెబ్బలు తిన్నారు.

అంటే వారూ అవమానం రుచి చూసినవారే. అయినా నల్లజాతివారి విషయానికి వచ్చేసరికి వారిలో చాలామంది తెల్లవారి పక్షానే నిలిచారు. అవమానపడిన ప్రతివాడూ తోటి అవమానితుడికి అండగా ఉంటాడన్న నమ్మకం లేదని ఈ చరిత్ర చెబుతుంది.

నవల కథ

కాలం 1940ల చివర. జెఫర్సన్ అనే నల్లజాతి యువకుడు మరో ఇద్దరితో కలిసి ఒక దుకాణానికి వెళ్తాడు. అక్కడ కాల్పులు జరిగి తెల్ల యజమాని, ఆ ఇద్దరూ చనిపోతారు. బతికిన జెఫర్సన్ మీదే హత్యానేరం పడుతుంది. తీర్పు చెప్పే జ్యూరీలో పన్నెండుమందీ తెల్లవారే. అతని ప్రాణం కాపాడాలని అతని లాయరే ఒక వాదన తెస్తాడు: ఇతను పథకం వేయగల మనిషి కాడు, పందిలాంటివాడు, పందికి మరణశిక్ష ఎందుకని. ఆ వాదన అతని ప్రాణాన్ని కాపాడలేదు సరికదా, అతని మనసులో తాను పందినేనన్న మాట నాటింది.

అతన్ని పెంచిన ముసలమ్మ మిస్ ఎమ్మా విడుదల అడగదు. అతను మనిషిగా చనిపోవాలని మాత్రమే అడుగుతుంది. ఆ పని తోట బడి పంతులు గ్రాంట్ విగ్గిన్స్ మీద పడుతుంది. జైలుకు వెళ్లే అనుమతి కోసం చదువుకున్న ఆ పంతులు తెల్ల దొర ఇంటి వంటగదిలో గంటల తరబడి నిలబడాలి. చివరకు గ్రాంట్ ఇచ్చిన నోటుపుస్తకంలో జెఫర్సన్ రాయడం మొదలుపెడతాడు. స్పెల్లింగులన్నీ తప్పులే. కానీ ఆ తప్పుల్లోనే ఒక మనిషి లేచి నిలబడతాడు. అతన్ని గౌరవంగా చూసిన యువ పోలీసు పాల్ బోనిన్ శిక్ష అమలయ్యాక ఆ పుస్తకాన్ని తెచ్చి పంతులు చేతికిస్తాడు.

నిజంగా జరిగిన కేసు

ఇది కల్పితమే అయినా దీని వెనుక నిజాలున్నాయి. గెయిన్స్ పరిశీలించిన కేసుల్లో విల్లీ ఫ్రాన్సిస్ కేసు ఒకటి. 1944లో సెయింట్ మార్టిన్‌విల్ పట్టణంలో తెల్లజాతి మందుల షాపు యజమాని ఆండ్రూ థామస్ హత్యకు గురయ్యాడు. 1945లో పదహారేళ్ల విల్లీని పట్టుకున్నారు. పక్కన లాయరు లేకుండానే నేరాంగీకారం రాయించుకున్నారు. తుపాకీ పరీక్షకు పంపే దారిలో పోయింది. జ్యూరీలో అందరూ తెల్లవారే. కోర్టు పెట్టిన లాయర్లు ఒక్క సాక్షినీ పిలవలేదు, అప్పీలూ చేయలేదు.

1946 మే 3న లారీలో తెచ్చిన విద్యుత్ కుర్చీలో విల్లీని కూర్చోబెట్టి కరెంటు పెట్టారు. కుర్చీ సరిగా పనిచేయక బతికాడు. అతన్ని రెండోసారి కూర్చోబెట్టవచ్చా అన్న ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1947 జనవరిలో 5–4 తేడాతో, కూర్చోబెట్టవచ్చని తీర్పు వచ్చింది. అదే ఏడాది మే 9న ఆ శిక్ష అమలైంది.

ఈ సెయింట్ మార్టిన్‌విల్ పట్టణంలోనే, వెళ్లగొట్టబడిన అకేడియన్ల గుర్తుగా ఎవాంజిలిన్ అనే కథానాయిక విగ్రహం ఉంది. తమ పూర్వీకుల కన్నీళ్లకు విగ్రహం కట్టుకున్న ఊరు పక్కింటి పిల్లవాడి కన్నీళ్లను చూడలేదు. అయితే సుప్రీంకోర్టు దాకా ఆ పిల్లవాడి తరఫున పోరాడిన లాయరు బెర్‌ట్రండ్ డెబ్లాంక్ కూడా ఆ ఊరి కేజనే. హతుడైన థామస్‌కు స్వయానా మిత్రుడు. ఊరివాళ్ల కోపాన్ని భరించి మరీ కేసు పట్టాడు. కులమైనా, జాతైనా, మనిషి దాన్ని దాటగలడనడానికి ఇదొక సాక్ష్యం.

మనం నేర్చుకోవలసింది

పద్దెనిమిదేళ్లు నిండకముందు చేసిన నేరానికి మరణశిక్ష వేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. విల్లీకి అది 58 ఏళ్లు ఆలస్యం. మన రాజ్యాంగంలోని 22వ అధికరణం అరెస్టయిన వ్యక్తికి లాయరును పెట్టుకునే హక్కునిచ్చింది. పేదలకు ఉచిత న్యాయసహాయం అందించాలని 39ఎ అధికరణం చెబుతోంది. ఇవి పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నలు మాత్రమే కావు. విల్లీకి సరైన లాయరు, సకాలంలో ఒక అప్పీలు దొరికి ఉంటే కథ వేరుగా ఉండేదేమో.

కనుక మిత్రులారా, ఇకపై పేపర్లో ఏ కేసు గురించి చదివినా మూడు ప్రశ్నలు వేసుకుందాం. నిందితుడి పక్కన నిలబడి మాట్లాడింది ఎవరు? తీర్పు చెప్పే చోట అతని మనుషులు ఉన్నారా? అతను తన మాట తాను చెప్పుకోగలిగాడా?

మూడో ప్రశ్నకు జవాబు చదువులోనే ఉంది. మన గురించి ఎవరో రాసిపెట్టిన మాటే రికార్డులో మిగిలిపోకూడదు. తప్పులు వస్తాయని భయపడకుండా మన మాట మనమే రాద్దాం. జెఫర్సన్ చేతికి పెన్సిలు అందింది ఆఖరి రోజుల్లో. మన చేతికి చిన్ననాడే అందింది.