క్యాన్సర్ తిరగబెట్టే ముప్పును చెప్పే ప్రోటీన్లు

పోటీ పరీక్షల ప్రత్యేకం: జనరల్ సైన్స్

క్యాన్సర్ పుట్టిన చోటు నుంచి ఇతర అవయవాలకు పాకడాన్ని మెటాస్టాసిస్ అంటారు. ఈ వ్యాప్తిని, చికిత్స తర్వాత వ్యాధి తిరగబెట్టే అవకాశాన్ని అంచనా వేయడానికి కొన్ని ప్రోటీన్లు (మార్కర్లు) తోడ్పడతాయి.

• హెర్2: రొమ్ము క్యాన్సర్‌లో కీలకం. దీని జన్యువు 17వ క్రోమోజోమ్‌పై ఉంటుంది. ఈ జన్యువు ప్రతులు పెరిగితే వ్యాధి త్వరగా తిరగబెడుతుందని 1987లో డెన్నిస్ స్లామన్ బృందం వెల్లడించింది. హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందుకు అమెరికా ఎఫ్‌డీఏ 1998లో అనుమతి ఇచ్చింది.

• కేఐ-67: విభజన చెందుతున్న కణాల్లో ఉంటుంది, విశ్రాంతి దశలోని కణాల్లో కనిపించదు. కణితి పెరిగే వేగాన్ని సూచిస్తుంది. జర్మనీలోని కీల్ నగరం వల్ల ఈ పేరు వచ్చింది.

• ఈ-క్యాథరిన్: కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది. ఇది తగ్గితే క్యాన్సర్ కణాలు విడివడి వ్యాపించే ముప్పు పెరుగుతుంది.

• సీఈఏ: 1965లో కెనడాలో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ గుర్తించారు. పెద్దపేగు క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత రక్తంలో దీని స్థాయిని పరిశీలిస్తారు.

జతపరచండి తరహా ప్రశ్నలకు (మార్కర్ – క్యాన్సర్ వచ్చే అవయవం): సీఏ-125 – అండాశయం, పీఎస్ఏ – ప్రోస్టేట్ గ్రంథి, థైరోగ్లోబులిన్ – థైరాయిడ్.

గుర్తుంచుకోండి: మార్కర్ పెరిగినంత మాత్రాన క్యాన్సర్ తిరగబెట్టినట్లు కాదు. స్కానింగ్, బయాప్సీ వంటి పరీక్షలతోనే నిర్ధారిస్తారు.