ఎగురుటకు ముందు మనస్సులో ఎగురుట

విమానము నడుపువారికి కావలసిన మొదటి గుణమేది అని అడిగినచో మన విద్యార్థులలో పెక్కుమంది ధైర్యమని చెప్పుదురు. ధైర్యము కావలసినదే. కాని విమానచోదకులకు శిక్షణ నిచ్చు గురువులు దానితోపాటు మరియొక అభ్యాసమును నేర్పుదురు. నేలమీద కూర్చుండి, కన్నులు మూసికొని, చేయబోవు ప్రయాణమును మొదటినుండి తుదివరకు మనస్సులో ఒకసారి చేసి వచ్చుటయే ఆ అభ్యాసము. అది ఎట్టిది, దానివలన ప్రయోజనమెంత, దాని హద్దులెవ్వి, మన ఊరి పిల్లలకు అది ఎందుల కుపకరించును అను విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

బళ్ళారికి వచ్చిన తపాలా విమానము

విమానయాన చరిత్రలో మన బళ్ళారికిని కొంత స్థానము కలదు. 1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన టాటాల తపాలా విమాన సర్వీసు ప్రారంభమయ్యెను. 1929లో మన దేశమున మొదటి విమానచోదక లైసెన్సు పొందిన జె.ఆర్.డి. టాటా ఆనాడు పస్ మాత్ అను ఒంటి ఇంజను విమానమును తానే నడుపుకొని కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి వచ్చెను. అక్కడినుండి నెవిల్ విన్సెంట్ అను చోదకుడు తపాలాను బళ్ళారి మీదుగా మద్రాసునకు కొనిపోయెను. ఆ తొలి మార్గమున మన ఊరు ఒక మజిలీ.

ఆ విమానములలో రేడియో లేదు. దారి చూపు యంత్రసహాయము లేదు. దిక్సూచి, గడియారము, పటము, తన కన్నులు, ఇవియే చోదకుని సాధనములు. బొంబాయినుండి బళ్ళారికి రావలెనన్న పడమటి కనుమలు దాటవలెను, కృష్ణ దాటవలెను, తుంగభద్ర దాటవలెను. పిమ్మట మైదానములో లేచి నిలిచిన మన కోటకొండ వంటి రాతికొండలే గురుతులు. ఏ నది ఎంతసేపటికి కనబడవలెనో, అది కనబడనిచో ఏమి చేయవలెనో ముందుగనే తలచుకొననివాడు అట్టి దారిలో తప్పిపోవుట సులభము. గాలిలోనికి లేచిన తరువాత పటమును తాపీగా చదువుకొనుటకు తీరిక యుండదు. కావున చోదకుడు బయలుదేరుటకు ముందే దారినంతటిని మనస్సులో పెట్టుకొనవలసి యుండెను. నేడు యంత్రములు ఎన్నియో పెరిగినను ఈ అవసరము తీరలేదు.

కుర్చీలో విమానయానము

ఈ అభ్యాసమును విమాన శిక్షణాలయములలో చైర్ ఫ్లైయింగ్ అందురు. కుర్చీలో కూర్చుండి ఎగురుట అని దాని భావము. దీనికి ఖర్చు లేదు. శిష్యుడు ఒక కుర్చీలో కూర్చుండును. ఎదుట గోడకు విమానములోని మీటలు, గడియారముల బొమ్మను అంటించుకొనును. విమానములో ఏ చేయి ఎచ్చటికి పోవలెనో ఇచ్చటను ఆ చేయి అచ్చటికే పోవలెను. విమానములో ఏ మాట పలుకవలెనో ఇచ్చటను ఆ మాటను బిగ్గరగా పలుకవలెను. నిజముగా ఎంత కాలము పట్టునో మనస్సులోను అంత కాలమే పట్టవలెను, తొందరపడరాదు.

ఒక చిన్న శిక్షణ విమానము నేల విడుచుటను ఉదాహరణముగ తీసికొందము. గాలి ఎటునుండి వీచుచున్నది? ఇంధనము చాలునా? చుక్కాని, రెక్కల మీటలు అడ్డములేక కదలుచున్నవా? ఇంజనుకు పూర్తి బలము నిచ్చితిమి. వేగము చూపు ముల్లు కదలుచున్నదా? వేగము చాలినది, ముక్కు నెమ్మదిగా పైకెత్తితిమి. ఇట్లు ఒక్కొక్క మెట్టును శిష్యుడు తలచుకొనును.

ఇంతటితో ఆ అభ్యాసము ముగియదు. ప్రతి మెట్టు వద్దను అతడు ఒక ప్రశ్న వేసికొనవలెను: ఇచ్చట పని చెడినచో నేనేమి చేయుదును? పరుగు తీయుచుండగనే ఇంజను ఆగినచో బలము తగ్గించి, బ్రేకులు వేసి, అచ్చటనే నిలుపవలెను. నేల విడిచి కొద్ది ఎత్తున నుండగా ఆగినచో ముక్కును దించి వేగము నిలుపుకొని, ఎదుట కనబడు అనువైన చోటనే దిగవలెను. వెనుకకు తిరిగి బయలుదేరిన చోటికే రావలెనని ప్రయత్నించి ప్రాణములు కోల్పోయిన వారున్నారు. భయము కలిగిన క్షణమున మనస్సు ఇంటివైపే లాగును. ఆ లాగుడును ముందుగనే ఎరిగినవాడు దానికి లొంగడు.

శుభమా అని బయలుదేరునపుడు అపాయమును తలపవచ్చునా అని పెద్దలు అడుగవచ్చును. అపాయమును తలచి దిగులుపడుట వేరు, అపాయమునకు మందు తలచుకొనుట వేరు. 2009 జనవరి 15వ తేదీన న్యూయార్కు నగరమున ఒక విమానమునకు పక్షులు తగిలి రెండు ఇంజనులును బలమును కోల్పోయెను. చోదకులు దానిని హడ్సన్ నదిమీద దింపిరి. అందున్న 155 మందియు బ్రతికిరి. పక్షులు తగిలినప్పటినుండి నీటిని తాకువరకు పట్టిన కాలము సుమారు మూడున్నర నిమిషములు మాత్రమే. అంత స్వల్పకాలమున అన్నియు క్రొత్తగా ఆలోచించుటకు వ్యవధి ఎక్కడిది? ఏండ్ల తరబడి చేసిన అభ్యాసమే అచ్చట పనికివచ్చును.

జట్టుగా ఎగురువారికి ఈ అభ్యాసము మరింత ముఖ్యము. అమెరికా నౌకాదళమునకు చెందిన బ్లూ ఏంజెల్స్ అను విమాన విన్యాస దళము ప్రతి ప్రదర్శనకు ముందు ఒక బల్లచుట్టు కూర్చుండి, నాయకుడు ఆజ్ఞలను అదే స్వరమున పలుకుచుండగా, కన్నులు మూసికొని విన్యాసమంతయు మనస్సులో నడుపుదురు. మన వాయుసేనకు చెందిన సూర్యకిరణ్ దళము 1996లో ఏర్పడినది; అది మన రాష్ట్రములోని బీదరు నుండియే ఎగురుచున్నది. తొమ్మిది విమానములు రెక్కకు రెక్క తగులునంత దగ్గరగా పోవునపుడు ఒక్కరి మనస్సు తడబడినను అందరికిని ముప్పే గదా.

బళ్ళారివారికి ఇది సులభముగ బోధపడవలెను. ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ మెలగిన నాటకముల ఊరు మనది. నటుడు తెర లేచిన పిమ్మట తన మాటలను వెదకికొనడు. వేషము వేయకయే, దీపములు లేకయే, ఎచ్చట ప్రవేశింపవలెనో, ఎవరివైపు తిరుగవలెనో ఎన్నియో మారులు నడిచి చూచుకొనును. విమానచోదకుని కుర్చీయును అట్టి సాధనశాలయే.

వ్రాసికొన్న పట్టిక

అయినను మనస్సునే పూర్తిగ నమ్మరాదు. 1935 అక్టోబరు 30వ తేదీన అమెరికాలో బోయింగు సంస్థవారి క్రొత్త పెద్ద విమానము ఒకటి పరీక్షకై లేచి, వెంటనే కూలిపోయెను. ఇద్దరు మరణించిరి. దానిని నడిపినవారు ఆరితేరినవారే. నేలమీద నిలిపి ఉంచినపుడు గాలికి కదలకుండ వెనుక రెక్కలకు వేయు బిగింపును తీయుట మాత్రము మరచిరి. ఆ పిమ్మట విమానచోదకులు చేయవలసిన పనులను పట్టికగ వ్రాసికొని, ఒక్కొక్కటి చదివి సరిచూచుకొను పద్ధతి స్థిరపడెను. మనస్సులో సాధన చేసినవాడును పట్టికను చేత పట్టుకొనవలసినదే.

ఫలమును ఊహింపవలెనా? పనిని ఊహింపవలెనా?

మేలు జరుగునని తలచుకొన్నచో మేలు జరుగునని చెప్పువారు నేడు పెక్కుమంది. ఈ మాటలో ఎంత నిజమున్నదో శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. 1999లో ఫామ్, టేలర్ అను ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులపై చేసిన పరీక్షను ప్రకటించిరి. పరీక్షలకు ముందు కొన్ని దినములు ఒక వర్గమువారు తమకు మంచి మార్కులు వచ్చినట్లు, సంతోషించినట్లు ఊహించుకొనిరి. మరియొక వర్గమువారు తాము పుస్తకము తెరచి, ఫలానా చోట కూర్చుండి, చదువుచున్నట్లు ఊహించుకొనిరి. రెండవ వర్గమువారు ముందుగ చదువు ప్రారంభించి, ఎక్కువ సేపు చదివి, ఎక్కువ మార్కులు పొందిరి. ఫలమును మాత్రమే ఊహించినవారు తక్కువ చదివిరి. పూలదండ మెడలో పడినట్లు ముందే తలచిన మనస్సు, పని ముగిసినదని తృప్తి చెందును కాబోలు.

1995లో పాస్కువల్-లియోన్ అను వైద్యుడును అతని సహచరులును పియానో వాద్యముపై చేసిన పరీక్షయు తెలిసికొనదగినది. ఐదు దినములు వాద్యమును తాకక, వ్రేళ్ళ కదలికను మనస్సులో మాత్రమే సాధన చేసినవారి మెదడులోను, నిజముగ వాయించినవారి మెదడులో వలెనే మార్పు కనబడెను. కాని వాయించుటలో వారు నిజముగ సాధన చేసినవారి మూడవ దినపు స్థాయికి మాత్రమే చేరిరి. పిమ్మట ఒక్క పూట నిజముగ వాయించుటతో ఐదవ దినపు స్థాయిని అందుకొనిరి. మనస్సులోని సాధన నిజమైన సాధనకు తోడు. దానికి బదులు కాదని దీనివలన తేలుచున్నది.

తన్ను తాను పరీక్షించుకొనుట

చోదకుడు విమానమును పరీక్షించుటకు ముందు తన్ను తాను పరీక్షించుకొనును. నాకు జబ్బు ఉన్నదా? మత్తు కలిగించు మందేదైనను పుచ్చుకొంటినా? మనస్సున ఆందోళన కలదా? మద్యము సోకినదా? నిద్ర చాలినదా? వేళకు తింటినా? వీనిలో ఏ ఒక్కదానికైనను సరియైన సమాధానము రానిచో ఆ దినము ఎగురక నిలిచిపోవుట ధర్మము. అట్లు నిలిచినవానిని పిరికివాడని విమానయానమున ఎవ్వరును అనరు. తనతోడి ప్రయాణీకుల ప్రాణములు తన చేతిలోనున్నవని ఎరుగుటయే అతని ధైర్యము.

మన విద్యార్థులకు

విద్యార్థులారా, మీలో కొందరు విమానచోదకులు కావచ్చును, పెక్కుమంది కాకపోవచ్చును. కాని నేలమీదనే నిలిచి మనమందరము దాటవలసిన ఆకాశములు కొన్ని కలవు. ఇంటిలో తెలుగు, బజారులో కన్నడము, పై చదువులలో ఇంగ్లీషు ఎదుర్కొను పిల్లలు మీరు. తెలుగు బడినుండి పై తరగతికి పోయి, క్రొత్త భాషలో మొదటి ప్రశ్న వినబడినపుడు నోరు పెగలకపోవుట తెలివిలేమి వలన కలుగునది కాదు. ఆ క్షణమును మీరు ముందుగ ఒక్కసారియైన చూచియుండకపోవుటయే దానికి కారణము.

కావున దానిని ముందే చూడుడు. పది నిమిషములు ఒంటరిగ కూర్చుండుడు. గది తలుపు తెరచినట్లు, నమస్కరించినట్లు, మీ పేరును, చదువును కన్నడమునను ఇంగ్లీషునను చెప్పినట్లు తలచుకొని, ఆ మాటలను బిగ్గరగ పలుకుడు. ప్రశ్న అర్థము కానిచో ఏమందురు? "దయచేసి మరల చెప్పుడు" అను మాటను ఆ భాషలలో సిద్ధము చేసికొనుడు. పరీక్షలో మొదటి ప్రశ్నకు సమాధానము తోచనిచో ఏ ప్రశ్నకు పోవుదురో నేడే నిర్ణయించుకొనుడు. పిమ్మట పుస్తకము తెరచి చదువుడు. ఏలయన కుర్చీలో మాత్రమే ఎగిరినవాడు నేల విడువలేదు.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటి. "ఎన్ని మార్కులు తెత్తువు?" అని అడుగుటకు ముందు, "రేపు ఏ వేళకు, ఏ పాఠము చదువుదువు?" అని అడుగుడు. మొదటి ప్రశ్న బిడ్డకు ఫలమును చూపును. రెండవది దారిని చూపును. మీకు చదువు రాకపోయినను ఈ ప్రశ్న అడుగుటకు అడ్డములేదు. కష్టము వచ్చినచో ఏమి చేయవలెనో బిడ్డతో ముందుగ మాటలాడిన ఇంట, ఆ కష్టము వచ్చిన దినమున బిడ్డ ఒంటరి కాడు.