రోల్‌బ్యాక్‌కు ముందు ఒక్క నిమిషం

పుదుచ్చేరిలో హోటళ్లకు, గెస్ట్‌హౌస్‌లకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న టీముల్లో పనిచేస్తుంటే, శుక్రవారం సాయంత్రం కొత్త వెర్షన్ పెట్టకండి. చెన్నై, బెంగళూరుల నుంచి జనం వైట్‌టౌన్‌కు దిగేది అప్పుడే. రిసెప్షన్ ముందు అతిథులు నిలబడి ఉండగా బిల్లు రాకపోతే, టీమ్ లీడ్ అనే మొదటి మాట ‘రోల్‌బ్యాక్ చేసెయ్’. చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ వెర్షన్‌తో డేటాబేస్‌లో ఏం మారింది? కోడ్ వెనక్కి వస్తుంది. డేటా దానంతటది రాదు.

ఈ ఊరి పేరే తీసుకోండి. 2006 అక్టోబర్ 1న పాండిచ్చేరి అధికారికంగా పుదుచ్చేరి అయింది. పాత చిరునామాలన్నిటినీ మీ కొత్త వెర్షన్ ‘పుదుచ్చేరి’గా మార్చేసిందనుకుందాం. పాత కోడ్ తిరిగి పెట్టగానే అది ‘పాండిచ్చేరి’ కోసం వెతుకుతుంది, ఏమీ దొరకదు. సరే, డేటానూ తిరగేద్దామంటే, మొదటి నుంచీ ‘పుదుచ్చేరి’ అని ఉన్నవి కూడా మారిపోతాయి. ఏది మొదట ఎలా ఉండేదో చెప్పే ఆధారం మిగలదు. పైగా పాండిచ్చేరి విశ్వవిద్యాలయం పేరు నేటికీ అదే. దాన్నీ మార్చేసి ఉంటారు! అందుకే పాత కాలమ్‌ను చెరపకుండా పక్కన కొత్తది చేర్చండి. కొన్నాళ్లు రెండింట్లోనూ రాయండి. పాత వెర్షన్‌కు వెళ్లే అవసరం ఇక రాదని తేలాకే పాతది తీసేయండి. పని కాస్త పెరుగుతుంది, అయినా ఇదే సరైన దారి.

కారణం తెలియకుండా వెనక్కి వెళ్తే నష్టం ఎంతవరకు పోతుందో 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థ చూసింది. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. కొత్త కోడ్ కోసం ఆన్ చేసిన ఫ్లాగ్, ఆ సర్వర్‌లో ఏళ్లుగా వాడకుండా పడి ఉన్న పాత కోడ్‌ను లేపింది. తప్పుడు ఆర్డర్లు వెళ్తుంటే ఇంజినీర్లు మిగతా ఏడింటి నుంచీ కొత్త కోడ్ తీసేశారు. ఫ్లాగ్ అలాగే ఉంది, దాంతో ఆ పాత కోడ్ అన్ని సర్వర్లలోనూ నడిచింది. సుమారు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. కాబట్టి కోడ్‌తో పాటు మార్చిన ఫ్లాగులు, సెట్టింగులు కూడా రిలీజ్ నోట్‌లో రాసిపెట్టండి.

కోడ్‌ను వెనక్కి తీసేటప్పుడు గిట్‌లో అందరూ వాడే బ్రాంచ్ మీద రీసెట్ చేసి ఫోర్స్ పుష్ చేయకండి, పక్కవాళ్ల కమిట్లు పోతాయి. రివర్ట్ వాడండి. మర్జ్‌ను రివర్ట్ చేసి ఉంటే, తర్వాత అదే బ్రాంచ్‌ను మళ్లీ కలిపినా ఆ మార్పులు రావు. ముందు ఆ రివర్ట్‌నే రివర్ట్ చేయాలి. ప్లే స్టోర్ యాప్ అయితే ఫోన్‌లోకి చేరిన వెర్షన్‌ను కిందికి దింపలేరు. పాత కోడ్‌నే పెద్ద నంబర్‌తో మళ్లీ పంపాలి, అందుకే మొదట కొద్దిమందికే విడుదల చేయండి.

మీరు టీమ్‌లో అందరికన్నా చిన్నవారైనా సరే, ‘సార్, డేటాబేస్ మారింది, కోడ్ ఒక్కటే తీస్తే సరిపోదు’ అని గట్టిగా చెప్పండి. బ్యాకప్ పెట్టేద్దామని ఎవరైనా అంటే, ఆ బ్యాకప్ తర్వాత వచ్చిన బుకింగులను ముందు వేరే ఫైల్‌లోకి తీయండి. రోల్‌బ్యాక్ అయ్యాక వాటిని ఒక్కొక్కటిగా హోటల్ వాళ్లతో ఫోన్‌లో సరిచూడండి. అతిథి సామాను పట్టుకుని వచ్చేలోపే ఆ పని పూర్తికావాలి.